ఫ్లూ మహమ్మారికి అడ్డుకట్ట కోళ్ల షెడ్డు దగ్గరే

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని కానూరు, వేల్పూరు కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడగానే తెలంగాణ ప్రభుత్వం సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టింది. విజయవాడ హైవే మీద కోదాడ మండలం రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర ఆంధ్ర వైపు నుంచి వచ్చే కోళ్ల లారీలను ఆపి వెనక్కి పంపారు. మార్చి వచ్చేసరికి అదే విజయవాడ హైవే మీద, ఆ చెక్‌పోస్టుకు వంద కిలోమీటర్లకు పైగా ఇవతల, నల్లగొండ జిల్లా చిట్యాల మండలం గుండ్రాంపల్లిలో బర్డ్ ఫ్లూ తేలింది. దాదాపు రెండు లక్షల కోళ్లను చంపి పాతిపెట్టాల్సి వచ్చింది. వైరస్ అక్కడికి లారీలో వచ్చిందా, గుడ్ల ట్రేలకు అంటుకొని వచ్చిందా, చెరువుకు దిగిన వలస పక్షి తెచ్చిందా అన్నది చెక్‌పోస్టు రిజిస్టర్ చూసి తేల్చగలిగేది కాదు. ఆ సంగతి ఎలా ఉన్నా, రోడ్డు మీద కాపలా పెట్టినంత మాత్రాన ఫ్లూ ఆగదని మాత్రం అర్థమైంది. మరి ఎక్కడ ఆగుతుంది? ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు సంబంధించినంతవరకు దానికి జవాబు ఆస్పత్రి కంటే, విమానాశ్రయం కంటే ముందు కోళ్ల షెడ్డు దగ్గర ఉందని, షెడ్డు యజమాని మొదటి రోజే పశువైద్యుడికి ఫోన్ చేసేలా చూడటమే మన చేతిలో ఉన్న అతి పెద్ద రక్షణ అని ఈ వ్యాసం వాదన. ఆ ఫోన్ రావాలంటే చేసినవాడు నష్టపోకూడదు. ఇప్పుడున్న ఏర్పాటులో నష్టపోతున్నాడు.

కోడి జబ్బుకూ మనుషుల మహమ్మారికీ ఉన్న సంబంధం ముందు తెలియాలి. ఇన్‌ఫ్లుయెంజా-ఎ వైరస్‌కు సహజమైన ఇల్లు నీటిపక్షుల పేగు. బాతుల్లో, తీరపక్షుల్లో అది చాలావరకు పెద్ద హాని చేయకుండా తిరుగుతుంటుంది. దాని జన్యు సమాచారం ఎనిమిది విడి ముక్కలుగా ఉంటుంది. ఒకే జీవకణంలోకి రెండు రకాల ఫ్లూ వైరస్‌లు ఒకేసారి దూరితే ఈ ముక్కలు కలగాపులగమై, రెండింటి గుణాలూ ఉన్న మూడో రకం పుట్టగలదు. 1957లోనూ 1968లోనూ ప్రపంచాన్ని చుట్టిన ఫ్లూలు అలా పుట్టినవే. అప్పటికే మనుషుల్లో తిరుగుతున్న వైరస్‌లో పక్షుల వైరస్ ముక్కలు వచ్చి కలిశాయి. 2009లో వచ్చిన హెచ్1ఎన్1లో పందుల, పక్షుల, మనుషుల వైరస్‌ల వారసత్వం మూడూ ఉంది. మన శరీరం ఏటా వచ్చే ఫ్లూను కొంతైనా గుర్తుపడుతుంది. ఇలా పుట్టిన కొత్త రకాన్ని గుర్తుపట్టే రోగనిరోధక శక్తి దాదాపు ఎవరిలోనూ ఉండదు. ఏటా వచ్చే ఫ్లూకూ మహమ్మారికీ తేడా అంతా ఇక్కడే ఉంది.

అయితే పక్షి వైరస్ మనిషిలో స్థిరపడటం అంత సులువు కాదు. వైరస్ పైన ఉండే హీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ కణం ఉపరితలం మీద ఒక రకం చక్కెర అణువును పట్టుకొని లోపలికి వెళ్తుంది. ఆ అణువు పక్షుల పేగులో ఒక తీరుగా, మన ముక్కు, గొంతులో మరో తీరుగా అమరి ఉంటుంది. పక్షి రకానికి సరిపోయే అమరిక మన శరీరంలో ఎక్కువగా ఊపిరితిత్తుల అడుగున ఉంటుంది. అందుకే బర్డ్ ఫ్లూ రకమైన హెచ్5ఎన్1 సోకిన మనిషికి తీవ్రమైన న్యుమోనియా రావచ్చు గానీ, అతని తుమ్ము నుంచి పక్కవాడికి వైరస్ తేలిగ్గా అంటదు. వేడిలోనూ తేడా ఉంది. పక్షి శరీరంలో 40 డిగ్రీలకు పైగా వేడి ఉంటుంది, మన ముక్కులో సుమారు 33 డిగ్రీలే. ఆ చల్లదనంలో పక్షి వైరస్ పెరగడం మందగిస్తుంది. ఈ రెండు అడ్డంకులూ దాటడానికి వైరస్‌లో కొన్ని మార్పులు రావాలి. 2012లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఫెరెట్ అనే ముంగిసలాంటి జంతువుల మీద చేసిన ప్రయోగంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మార్పులతోనే హెచ్5ఎన్1 గాలి ద్వారా ఒక జంతువు నుంచి మరో జంతువుకు పాకగలిగింది. అంటే అడ్డంకి ఉన్నమాట నిజమే గానీ అది దాటరానిది కాదు. వైరస్ సోకిన ప్రతి కోడిలోనూ కోట్ల నకళ్లు తయారవుతాయి, ప్రతి నకలులోనూ తప్పులు దొర్లే అవకాశం ఉంటుంది. రెండు లక్షల కోళ్లున్న ఫారంలో జబ్బు వారం ముందు తెలిస్తే, వారం పాటు జరగాల్సిన ఆ నకళ్ల ఉత్పత్తి ఆగిపోతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. హెచ్5ఎన్1 మనుషులకు సోకగలదని 1997లో హాంకాంగ్‌లో తెలిసింది. అప్పటినుంచి పాతికేళ్లు దాటినా అది మనిషి నుంచి మనిషికి నిలకడగా పాకలేదు. ఇక పాకదేమో, ఎందుకీ భయం? నిజాయితీగా అడగాల్సిన ప్రశ్నే. అయితే హాంకాంగ్‌లో అప్పుడు ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. 18 మందికి సోకి ఆరుగురు చనిపోయాక, నగరంలో ఉన్న పది లక్షలకు పైగా కోళ్లను రోజుల వ్యవధిలో చంపేశారు. దాంతో మనుషుల్లో కేసులు ఆగిపోయాయి. వైరస్ తనంతట తాను శాంతించలేదు, కోళ్ల దగ్గరే దాన్ని ఆపారు. 2003 నుంచి ఇప్పటిదాకా ప్రపంచవ్యాప్తంగా దాదాపు వెయ్యి మందికి హెచ్5ఎన్1 సోకినట్టు తేలగా, అందులో ఇంచుమించు సగం మంది మరణించారు. స్వల్ప జ్వరంతో బయటపడినవాళ్లు పరీక్షల దాకా రారు కాబట్టి అసలు మరణాల శాతం ఇంతకంటే తక్కువే ఉండవచ్చు. అందులో పదో వంతు తీవ్రతతో పాకినా తట్టుకోలేమన్నది కూడా అంతే నిజం. పైగా వైరస్ నిలకడగా ఒక్కచోట కూర్చోలేదు. 2024 మార్చిలో అమెరికాలో పాడి ఆవుల్లో కనిపించింది. అంతవరకు ఆవులకు ఇది వస్తుందని పెద్దగా ఎవరూ అనుకోలేదు. పాతికేళ్లు జరగలేదన్నది ఊరట కలిగించే మాటే. కొత్త జంతుజాతుల్లోకి వెళ్తున్న వైరస్ విషయంలో దాన్ని హామీగా తీసుకోలేం.

ఒకసారి మనుషుల్లో పాకడం మొదలైతే ఏమవుతుందో ఈ ప్రాంత చరిత్ర చెబుతుంది. 1918 జూన్‌లో బొంబాయి రేవులో మొదలైన ఇన్‌ఫ్లుయెంజా, సెప్టెంబరులో మరింత ప్రాణాంతకంగా తిరిగి వచ్చి రైలు మార్గాల వెంట దేశమంతా వ్యాపించింది. భారతదేశంలో కోటి ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా చనిపోయి ఉంటారని చరిత్రకారుల అంచనా. పిల్లల్ని, ముసలివాళ్లని మించి 20 నుంచి 40 ఏళ్ల వయసు వాళ్లు ఎక్కువగా పోయారు. అదే ఏడాది వానలు ముఖం చాటేయడంతో తిండి కరువు కూడా తోడైంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ అప్పుడు నిజాం రాజ్యంలోనివి. 1911 జనగణనలో 1 కోటి 33 లక్షలకు పైగా ఉన్న హైదరాబాద్ రాజ్య జనాభా 1921 నాటికి 1 కోటి 24 లక్షలకు పడిపోయింది. పదేళ్లలో పెరగాల్సిన జనాభా తొమ్మిది లక్షలు తగ్గింది. ఈ లోటులో ప్లేగుకూ కరువుకూ వాటా ఉంది గానీ, పెద్ద వాటా ఇన్‌ఫ్లుయెంజాదే. ఆనాడు రోగం బొంబాయి నుంచి రైలెక్కి వచ్చింది. ఈనాడు పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి ముంబై, పుణేలకు పనికి పోయి పండగలకు తిరిగొచ్చే కుటుంబాలు, బెంగళూరు హైవే మీద రాత్రింబగళ్లు తిరిగే బస్సులు, జిల్లా పొలిమేరలో ఉన్న శంషాబాద్ విమానాశ్రయం ఆ పని ఇంకా వేగంగా చేయగలవు.

2009లో అది చూశాం కూడా. భారతదేశంలో మొట్టమొదటి హెచ్1ఎన్1 కేసు మే 16న నిర్ధారణ అయ్యింది హైదరాబాద్‌లోనే, న్యూయార్క్ నుంచి శంషాబాద్‌లో దిగిన ఒక యువకుడిలో. విమానాశ్రయంలో జ్వరం పరీక్షలు పెట్టారు. అయితే ఫ్లూ సోకాక లక్షణాలు కనిపించడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది, లక్షణాలకు ఒక రోజు ముందునుంచే మనిషి ఇతరులకు అంటించగలడు. జ్వరం చూసే పరికరానికి ఆ మనిషి ఆరోగ్యవంతుడే. టీకా మాటకొస్తే, మన దేశంలో తయారైన తొలి హెచ్1ఎన్1 టీకా 2010 జూన్‌లో వచ్చింది. హైదరాబాద్ భారత్ బయోటెక్ టీకా ఆ ఏడాది చివరికి మార్కెట్లోకి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి ముగిసిందని ప్రకటించింది 2010 ఆగస్టు 10న. అంటే టీకాల రాజధాని అని చెప్పుకునే నగరం పక్కనే ఉండి కూడా, అల ఎగసిపడుతున్నప్పుడు మన చేతిలో టీకా లేదు. తర్వాత అదే వైరస్ ఏటా వచ్చే ఫ్లూగా స్థిరపడి, 2015లో దేశంలో 42 వేలకు పైగా కేసులతో, దాదాపు మూడు వేల మరణాలతో మళ్లీ విరుచుకుపడింది. ఆ చలికాలంలో హైదరాబాద్ గాంధీ ఆస్పత్రి ముందు కట్టిన వరుసలు తెలంగాణ మరచిపోలేదు.

మనుషుల్లో పాకడం మొదలయ్యాక చేయగలిగేది లేదని దీని అర్థం కాదు. 2009 వైరస్ సోకిన ఒక్కొక్కరు సగటున ఒకటిన్నర మందికి అంటించారు, ఒక తరం నుంచి మరో తరానికి సుమారు మూడు రోజులు పట్టింది. ఆ లెక్కన నెల రోజుల్లో పది తరాలు గడిచేసరికి ఒక్కరి దగ్గర మొదలైన గొలుసులో ఆ తరంలోనే కొత్తగా సోకినవాళ్లు యాభై మందిని దాటుతారు. జ్వరం వచ్చినవాళ్లు ఇంట్లో ఉండటం, మాస్క్, కిటికీలు తెరిచిన బడి గదులు, జాతరలు వాయిదా వేయడం, ఇవన్నీ కలిపి వ్యాప్తిని మూడో వంతు తగ్గించినా ఒక్కొక్కరు ఒక్కరికే అంటిస్తారు, గొలుసు పెరగడం ఆగుతుంది. ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లో వేసుకుంటే మేలు చేస్తుంది. ఆ మందు మన హైదరాబాద్‌లోనే తయారవుతుంది. అయితే దినకూలీకి వెళ్లేవాడిని వారం ఇంట్లో కూర్చోమనడానికి ఎంత ఖర్చవుతుందో 2020 లాక్‌డౌన్‌లో జాతీయ రహదారుల మీద నడిచిన కాళ్లు చూపించాయి. నెమ్మదింపజేయడం సాధ్యమే గానీ దాని ధర చాలా ఎక్కువ. అదే వైరస్‌ను కోళ్ల దగ్గర ఆపితే ఖర్చు ఒక ఫారంతో, ఒక మండలంతో సరిపోతుంది.

అందుకే ఇప్పుడు షెడ్డు గుమ్మం దగ్గరికి రావాలి. చౌటుప్పల్, చిట్యాల చుట్టుపక్కల, ఇటు షాద్‌నగర్, జడ్చర్ల వైపు ఉన్న, గుడ్ల కోసం కోళ్లను పెంచే లేయర్ ఫారాల్లో పొడవాటి షెడ్లలో కోళ్లు వరుస వరుసలుగా బోనుల్లో ఉంటాయి, పెంట కిందికి రాలి కుప్పపడుతుంది. పొద్దున పనివాళ్లు గుడ్లు ఏరి ట్రేలలో పేరుస్తారు. ట్రేలు లారీ ఎక్కి పట్నం వెళ్లి, ఖాళీ అయ్యాక మళ్లీ ఏదో ఒక ఫారానికి చేరతాయి. అట్టతో చేసిన ట్రేని కడగలేం. షెడ్డు ముందు కాళ్లు ముంచే మందునీళ్ల తొట్టి ఉండాలని నియమం. దాన్ని రోజూ మార్చకపోతే మట్టి కలిసి ఆ మందు పనిచేయదు. కోళ్ల పెంటను ట్రాక్టర్లలో పొలాలకు ఎరువుగా తోలుతారు. చల్లగా, తడిగా ఉన్న పెంటలో ఈ వైరస్ వారాల తరబడి బతకగలదు. ఎండకూ వేడికీ తొందరగా చస్తుంది. అందుకే మన దగ్గర బర్డ్ ఫ్లూ ఎక్కువగా చలికాలం నుంచి ఎండలు ముదిరేలోపు కనిపిస్తుంది. 2015లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో ఏప్రిల్‌లో వచ్చింది, 2025లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాగింది.

ఇలాంటి షెడ్డులో ఒక రోజు గుడ్లు తగ్గుతాయి. మరునాడు కొన్ని కోళ్లు మూలుగుతూ, తలలు వాల్చి, తురాయి నీలంగా మారి, ఆకుపచ్చగా పారుతూ కనిపిస్తాయి. సాయంత్రానికి చచ్చినవి పదుల్లో ఉంటాయి, రెండో పొద్దుకు వందల్లో. ఇది బర్డ్ ఫ్లూ కావచ్చు. కొక్కెర తెగులు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. కొక్కెరకు టీకా ఉంది, అది మనుషులకు మహా అయితే కళ్లకలక తెస్తుంది. కంటితో చూసి ఈ రెంటినీ విడదీయడం అనుభవజ్ఞుడైన పశువైద్యుడికి కూడా కష్టం. తేల్చగలిగేది ల్యాబ్ ఒక్కటే. తుది నిర్ధారణకు నమూనాలు భోపాల్‌లోని జాతీయ అత్యున్నత భద్రతా పశువ్యాధుల సంస్థకు వెళ్లాలి. 2025 ఫిబ్రవరిలో వనపర్తి జిల్లా మదనాపురం మండలం కొన్నూరులో దాదాపు రెండున్నర వేల కోళ్లు చనిపోయినప్పుడు అధికారులు నమూనాలు తీసి పంపారు. అది సరైన పద్ధతి. కానీ కోళ్లు చస్తున్నాయని తెలిసిన మొదటి మనిషి అధికారి కాడు, ఫారం యజమాని. ఆ మనిషి కొక్కెరే అయ్యుంటుందని తనకు తాను చెప్పుకొని, బతికున్న కోళ్లను రాత్రికి రాత్రే తక్కువ ధరకు వ్యాపారికి తోలేస్తే వైరస్ ఒకేసారి పాతిక ఊళ్ల సంతలకు చేరుతుంది. చచ్చినవాటిని చేపల చెరువులకు అమ్మినా, ఊరి బయట పారేసినా కుక్కలు, కాకులు మిగతా పని పూర్తి చేస్తాయి.

ఎందుకు దాస్తాడు? చట్టం చూస్తే దాచకూడదు. జంతువుల్లో అంటువ్యాధుల నివారణకు 2009లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం ఇలాంటి జబ్బు అనుమానం వస్తే తెలియజేయడం యజమాని బాధ్యత. కానీ చెప్పాక జరిగేది చూడండి. కిలోమీటరు పరిధిలో ఉన్న కోళ్లన్నిటినీ చంపుతారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. గుడ్లు, దాణా ధ్వంసం చేస్తారు. షెడ్డు శుభ్రం చేసి మళ్లీ పిల్లల్ని దింపడానికి నెలలు పడుతుంది. కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరించే పరిహారం ఉంది. అది అధికారులు చంపిన కోళ్లకే వస్తుంది, అప్పటికే చచ్చినవాటికి రాదు. వినడానికి ఇది త్వరగా చెప్పమని ప్రోత్సహించే నియమంలాగే ఉంటుంది, కొంతవరకు అదే దాని ఉద్దేశం కూడా. కానీ ఇచ్చే ధర పక్షి వయసును రెండే తరగతులుగా చూసి కట్టింది. లేయర్ కోడి గుడ్డు పెట్టడం మొదలుపెట్టడానికి సుమారు ఇరవై వారాలు మేపాలి. గుడ్డు మొదలయ్యే వేళకు ఆ కోడి మీద పెట్టిన ఖర్చంతా పడి ఉంటుంది, రావాల్సిన ఆదాయమంతా ముందుంటుంది. ఏడాది పాటు గుడ్లు పెట్టి ముగింపుకొచ్చిన కోడికీ దీనికీ ఒకే ధర కడితే, నష్టం ఎక్కువున్నవాడే దాచడానికి ఎక్కువ ఆశపడతాడు. జబ్బు తేలితే దెబ్బ తినేది తన ఫారం ఒక్కటే కాదు, చుట్టుపక్కల బంధువులవి, స్నేహితులవి కూడా. తన ఫోన్ వల్ల పక్క ఊరివాడి షెడ్డు ఖాళీ అయితే రేపు వాళ్ల ముఖం చూడాల్సింది తనే.

పరిహారం పెంచితే దుర్వినియోగం అవుతుందని, ఖజానాకు భారమని అనేవాళ్లు ఉన్నారు. ఎక్కడి కోళ్లో తెచ్చి లెక్కలో చూపిస్తారన్న అనుమానం పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. దానికి మందు ముందస్తు నమోదు. ప్రతి ఫారంలో ఏ బ్యాచ్ ఎప్పుడు దిగింది, ఎన్ని కోళ్లు, ఏ టీకాలు వేశారు అన్నది పశుసంవర్ధక శాఖ దగ్గర ముందే ఉంటే, జబ్బు వచ్చిన రోజు లెక్క తేల్చడం గంటల పని. నమోదు చేసుకున్నవాడికే పూర్తి పరిహారం అంటే నమోదుకు కూడా అదే ప్రోత్సాహం అవుతుంది. ఖర్చు మాటకొస్తే, రెండు లక్షల కోళ్లకు కోడికి వంద రూపాయలు అదనంగా ఇచ్చినా అది రెండు కోట్లు. ఒక్క జిల్లా ఒక్క వారం లాక్‌డౌన్‌లో పోగొట్టుకునే కూలి డబ్బుతో పోలిస్తే ఇది ఎంత తక్కువో తేల్చడానికి ఆర్థికవేత్త అక్కర్లేదు. ఆ డబ్బు మొదటి 24 గంటల్లో చెప్పినవాడికి ఎక్కువ, ఆలస్యం చేసినవాడికి తక్కువ అని అంచెలుగా పెట్టవచ్చు. చచ్చిన కోళ్లకు కూడా, మొదటి రోజే చెప్పి ఉంటే, కొంత వాటా ఇవ్వాలి. రెండు రోజుల్లో షెడ్డు ఖాళీ అయ్యే జబ్బులో చచ్చినవాటిని లెక్కలోంచి తీసేస్తే రైతుకు మిగిలేదేమీ ఉండదు.

కోళ్ల జబ్బు గురించి బాహాటంగా మాట్లాడితే చికెన్ అమ్మకాలు పడిపోతాయని, మొత్తం పరిశ్రమే కూలుతుందని మరో వాదన. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోయిన మాట నిజం. ఉచితంగా చికెన్, గుడ్లు పంచి తినిపించే మేళాలు పెట్టి జనానికి ధైర్యం చెప్పాల్సి వచ్చింది. 70 డిగ్రీల పైన వండిన మాంసంలో, గట్టిగా ఉడికిన గుడ్డులో ఈ వైరస్ బతకదు. మన కూర వండే తీరులో ఆ వేడి ఎప్పుడో దాటిపోతుంది. ఈ మాట గట్టిగా చెప్పాలి. దాంతోపాటే, ప్రమాదం వండిన కూరలో ఉండదు గానీ పచ్చి కోడిని కోసే చేతిలో, ఈకలు పీకే చోట, షెడ్డు దుమ్ములో ఉంటుందని కూడా చెప్పాలి. 2025 మార్చి 16న మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయిన నరసరావుపేట రెండేళ్ల పాపకు హెచ్5ఎన్1 సోకిందని పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ ఆ తర్వాత నిర్ధారించింది. ఆ పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్టు విచారణలో తెలిసింది. చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరికీ వ్యాధి కనిపించలేదు. సగం నిజం చెప్పి మార్కెట్‌ను కాపాడితే, మిగతా సగం బయటపడిన రోజు చెప్పిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

వలస పక్షుల సంగతేమిటని అడగవచ్చు. ఉదయ సముద్రానికి, కోయిల్‌సాగర్‌కు, సరళాసాగర్‌కు చలికాలంలో దిగే పక్షులను ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. కానీ పక్షి చెరువులో ఉన్నంతవరకు అది చెరువు సంగతే. చెరువు నీళ్లు శుద్ధి చేయకుండా కోళ్లకు తాగించినప్పుడు, చెరువులో మేసిన బాతులు ఫారంలోకి వచ్చినప్పుడు, షెడ్డు జాలీ చిరిగి కాకులు, పిచ్చుకలు దాణా మీద వాలినప్పుడు అది కోళ్ల సంగతి అవుతుంది. ఈ మూడింటినీ ఆపడానికి కావలసింది క్లోరిన్, జాలీ, కొంచెం శ్రద్ధ. కోళ్లకే టీకా వేస్తే పోదా అన్న ప్రశ్నకు జవాబు అంత సూటిగా లేదు. చైనా 2017లో కోళ్లకు హెచ్7 టీకా వేయడం మొదలుపెట్టాక మనుషుల్లో హెచ్7ఎన్9 అనే మరో బర్డ్ ఫ్లూ రకం కేసులు దాదాపు ఆగిపోయాయి. ఫ్రాన్స్ 2023 నుంచి బాతులకు టీకా వేస్తోంది. అయితే టీకా వేసిన మందలో వైరస్ చావులు లేకుండా చాటుగా తిరగగలదు. గట్టి పరీక్షలు లేకుండా టీకా వేస్తే చావులు తగ్గుతాయి, హెచ్చరిక కూడా తగ్గుతుంది. మన దేశంలో హెచ్5ఎన్1కు ఫారం కోళ్లలో టీకాను అనుమతించకపోవడానికి ఇలాంటి కారణాలే ఉన్నాయి. పరీక్షల సామర్థ్యం పెరిగిన రోజు ఆ నిర్ణయాన్ని మళ్లీ చూడవచ్చు.

అన్నిటికంటే గట్టి ఆక్షేపణ మరొకటి ఉంది. 2009 మహమ్మారి కోళ్ల నుంచి రాలేదు, మన దేశం నుంచీ రాలేదు, మెక్సికోలో పందుల నుంచి వచ్చింది. మనం చిట్యాలలో ఎంత కాపలా కాసినా ఎక్కడో పుట్టినది శంషాబాద్‌లో దిగుతుంది కదా? దిగుతుంది. అందుకే ఆస్పత్రుల్లో తీవ్రమైన శ్వాస జబ్బుతో చేరినవారికి ఫ్లూ పరీక్ష చేసే పద్ధతి జిల్లాల దాకా రావాలి. 2019లో మొదలైన బీబీనగర్ ఎయిమ్స్, మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి గనుక ప్రతి నమూనా హైదరాబాద్ దాకా వెళ్లాల్సిన అవసరం క్రమంగా పోవాలి. కానీ ప్రతి ప్రాంతమూ ఎక్కడో పుడుతుందిలే అనుకుంటే అది ఎక్కడైనా పుడుతుంది. మన ప్రాంతంలో కోళ్లు, మనుషులు అతి దగ్గరగా కలిసే చోటు షెడ్డే. బిహార్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు చాలాచోట్ల కుటుంబాలతో సహా షెడ్డు పక్కనే ఉంటున్నారు. వాళ్లకు ఏటా మామూలు ఫ్లూ టీకా వేయడం వల్ల రెండు లాభాలున్నాయి. జ్వరాలు తగ్గుతాయి. అంతకంటే ముఖ్యంగా, ఒకే మనిషిలో మనుషుల ఫ్లూ, కోళ్ల ఫ్లూ ఒకేసారి కలిసి ముక్కలు మార్చుకునే అవకాశం తగ్గుతుంది. జబ్బు తేలిన ఫారంలో పనిచేసినవాళ్లకు పది రోజులు రోజూ జ్వరం చూడటం, జ్వరం వస్తే నమూనా తీసి అదే రోజు ఒసెల్టామివిర్ మొదలుపెట్టడం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో చేయగలిగిన పనే. కోళ్లను చంపే పనికి దిగే కూలీలకు గౌను, మాస్క్, కళ్లజోడు ఇచ్చి ఫొటో దిగాక పని ముగిసిందనుకోకుండా, ఆ తర్వాతి పది రోజులూ వాళ్లు ఎక్కడ ఉన్నారో తెలిసి ఉండాలి. వలస కూలీ అయితే మూడో రోజే సొంతూరికి రైలెక్కవచ్చు.

చివరగా, మాంసం కోళ్లు పెంచే బ్రాయిలర్ రైతు సంగతి. ఈ జిల్లాల్లో చాలా షెడ్లు కంపెనీ ఒప్పందం మీద నడుస్తున్నాయి. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కూలీ, రాత్రి కాపలా రైతువి. బ్యాచ్ పెరిగాక కిలోకు ఇంత అని పెంపకం ఛార్జీ ముడుతుంది. పరిహారం పక్షి ధర మీద లెక్కగట్టి పక్షి యజమానికి వెళ్తే, ఆరు వారాలు వాటిని కనిపెట్టుకొని ఉన్న మనిషి లెక్కలోకి రాడు. షెడ్డులో మొదటి కోడి తల వాల్చినప్పుడు చూసేది మాత్రం అతనే. జబ్బు చెప్పిన బ్యాచ్‌కు పెంపకం ఛార్జీని, షెడ్డు ఖాళీగా ఉన్న నెలలకు బ్యాంకు వాయిదాను పరిహారంలో విడిగా చేర్చి, అది నేరుగా రైతు ఖాతాకు వెళ్లేలా పశుసంవర్ధక శాఖ ఉత్తర్వు ఇవ్వగలదు. ఒప్పందంలోనే జబ్బు సమాచారం ఇచ్చిన రైతుకు తర్వాతి బ్యాచ్ ఆపకూడదన్న షరతును తప్పనిసరి చేయగలదు. మండల పశువైద్యుడి నంబరుతో పాటు ఈ రెండు నియమాలూ తెలుగులో, హిందీలో రాసి దసరా లోపు ప్రతి షెడ్డు గోడ మీద అంటిస్తే, వచ్చే చలికాలానికి అవి పనిలో ఉంటాయి.